కుడి భుజానికి మారిన తుపాకీ

2022 వేసవి. జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో, ఒక ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. అప్పటికి ఈ వృత్తిలో నాకు పద్ధెనిమిదేళ్ళు. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఒకరు మనవాళ్ళు. రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చుని మెడ పట్టేసిందని వస్తారు. ఇంట్లో ఎక్సర్‌సైజులు చేశారా అంటే "మీటింగ్స్ అండీ, అస్సలు టైమ్ దొరకలేదు" అంటారు. రెండోవాళ్ళు ఇక్కడ ఇన్ని సబ్‌డివిజన్లు, అంటే కొత్త ఇళ్ళ కాలనీలు, లేవకముందు నుంచీ ఉన్న పెద్దవాళ్ళు. పది నిమిషాలు ముందే వచ్చి కూర్చుంటారు. ఏం చెప్పినా "యెస్ మ్యామ్" అంటారు, చెప్పింది చేస్తారు. మనవాళ్ళ ముందు ఈ మాట అనకూడదు గానీ, నాకు రెండోవాళ్ళంటేనే కాస్త పక్షపాతం.

వాల్టర్ ఆ రెండో రకం. డెబ్భై రెండేళ్ళు. స్కూల్ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. మే నెలలో ఆయనకు పేస్‌మేకర్ పెట్టారు. గుండె నెమ్మదించినప్పుడు దాన్ని తట్టి నడిపించే చిన్న పరికరం అది. ఎడమవైపు కాలర్‌బోన్ కింద చర్మం లోపల అమర్చి, అక్కడి నుంచి లీడ్స్ అనే సన్నటి తీగలను గుండెలోకి పంపుతారు. కొన్ని వారాలు ఆ చేయి భుజం కంటే పైకి ఎత్తవద్దంటారు. వాల్టర్ చెప్పిన మాట వినే మనిషి కదా, రెండు నెలలైనా ఎత్తలేదు. భుజం బిగుసుకుపోయింది. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. జూలై చివర నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఎడమ చేయి తొంభై డిగ్రీలు కూడా లేవడం లేదు.

ఆయన మాటలు ఇంగ్లీషువే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

మొదటిరోజే అడిగాను, దేనికోసం ఈ చేయి బాగుపడాలనుకుంటున్నారని. "నవంబర్‌లో కౌజు పిట్టల సీజన్ మొదలవుతుంది మ్యామ్. నా కుక్క పెన్నీకి పన్నెండేళ్ళు. దానికి ఇదే ఆఖరి సీజన్. అది పిట్టను చూపిస్తే నేను తుపాకీ ఎత్తాలి, లేకపోతే దాని పనికి అర్థం లేదు," అన్నారు.

చార్టు చూశాను. "డామినెంట్ హ్యాండ్: రైట్" అని ఉంది. కుడిచేతి వాటం మనిషి కుడి భుజానికే తుపాకీ ఆనిస్తాడు, పేలినప్పుడు తగిలే దెబ్బంతా కుడివైపే, పేస్‌మేకర్ ఉన్నది ఎడమవైపు. "ఏం ఫరవాలేదు, నవంబర్ కల్లా మిమ్మల్ని వేటకి పంపిస్తాను," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరో విజిట్‌కి చేయి నూట ముప్ఫై దాకా వచ్చింది. మేం వాండ్ అని పిలిచే మూడడుగుల నున్నటి కర్ర ఒకటి ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని తలపైకి ఎత్తడానికి వాడతాం. ఆయన పదిహేనుసార్లు ఎత్తి దించి, సరదాగా ఆ కర్రను తుపాకీలా భుజానికి ఆనించారు. కర్ర చివర సరిగ్గా పేస్‌మేకర్ మీద ఆనింది.

"వాల్టర్, అది ఎడమ భుజం," అన్నాను.

"యెస్ మ్యామ్. అరవై రెండేళ్ళుగా ఇదే భుజం. శనివారం క్లే టార్గెట్స్ కాల్చడానికి వెళ్తున్నాను. మీరు ఫరవాలేదన్నారు కదా."

రాసేది కుడిచేత్తోనే గానీ, ఆయన ఎడమ కన్ను బలమైనదట. మాస్టర్ ఐ అంటారు. రెండు కళ్ళూ తెరిచి వేలితో దూరాన దేన్నైనా చూపించి, ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కన్నుకు వేలు సూటిగా ఉంటుందో అది మాస్టర్ ఐ. పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న అలా పరీక్షించి తుపాకీ ఎడమ భుజాన పెట్టారు. చార్టులో ఆ గడి లేదు. నేనూ అడగలేదు.

వెంటనే ఆయన పేస్‌మేకర్ చూసే క్లినిక్‌కి ఫోన్ చేశాను. నర్సు డాక్టర్‌ని అడిగి గంటలో చెప్పింది. ఎడమవైపు వద్దే వద్దు. షాట్‌గన్ వెనక్కి తన్నే దెబ్బను రికాయిల్ అంటారు. అది మళ్ళీమళ్ళీ అక్కడే తగిలితే కాలర్‌బోన్ కింద లీడ్ విరగవచ్చు. వాల్టర్ గుండె చాలావరకు ఆ తీగ మీదే ఆధారపడి కొట్టుకుంటోంది.

గంటసేపూ అక్కడే కూర్చున్న ఆయన కర్ర పక్కన పెట్టారు. "అయితే పెన్నీకి సీజన్ లేనట్టే," అన్నారు.

తప్పు నాదని, అడగకుండా మాట ఇచ్చానని ఆయనతో చెప్పేశాను. ఆయన నా మొహంలోకి చూసి, "కుడి భుజం ఖాళీగానే ఉంది కదా మ్యామ్. మార్చుకోవడానికి ఎన్నిసార్లు సాధన చేయాలో చెప్పండి," అన్నారు. నేను ఊరడిద్దామనుకుంటే ఆయనే నన్ను ఊరడించారు. కుడివైపు తేలికపాటి తూటాలతో కాల్చవచ్చని డాక్టర్ రాతపూర్వకంగా ఇచ్చాక పని మొదలుపెట్టాం. పన్నెండు వారాలుంది.

అరవై రెండేళ్ళ అలవాటు చేతుల్లో ఉంటుందనుకుంటాం. కర్ర ఇచ్చి కుడికి పెట్టమంటే పెట్టేవారు. "పిట్ట లేచింది" అని నేను హఠాత్తుగా అంటే మాత్రం కర్ర ఎడమకే వెళ్ళేది. నాలుగు రోజులు చేతులే చూస్తూ కూర్చున్నాను. ఐదోరోజు కిందికి చూశాను. ఆయన కుడికాలు ముందుకు ఉంది. అది ఎడమ భుజంతో కాల్చేవాడి నిలబాటు. కాళ్ళు పాత మాటే చెబుతుంటే చేతులు కొత్త మాట ఎలా వింటాయి? అప్పటి నుంచి కర్ర తీసేసి, వారం రోజులు కాళ్ళతోనే పనిచేశాం. ఎడమకాలు ముందుకు, బరువు దానిమీదికి, నడుం కొంచెం ముందుకు వాలి. పక్క టేబుల్ మీద మెడ పట్టేసిన మన అబ్బాయి ఒకడు "ఆంటీ, ఆయనకి డ్యాన్స్ నేర్పిస్తున్నారా?" అన్నాడు. డ్యాన్స్ కంటే కష్టమని చెప్పి, వాడి ఎక్సర్‌సైజులు ఎంతవరకు వచ్చాయని అడిగాను. వాడు మెడ తిప్పడం మళ్ళీ మొదలుపెట్టాడు.

తుపాకీ సంగతి నాకు బొత్తిగా తెలియదు. పెద్దవయసు కదా, తేలికైన తుపాకీ కొనుక్కోమని సలహా ఇచ్చాను. వాల్టర్ మర్యాదగా నవ్వి, "ఒకసారి డానా దగ్గరికి రండి మ్యామ్," అన్నారు. డానా పక్క ఊళ్ళో గన్‌స్మిత్. అంటే తుపాకులు బాగుచేసి, మనిషి కొలతకు సరిపడేలా అమర్చే ఆవిడ. శనివారం వెళ్తానంటే మా ఆయన కంగారుపడ్డారు.

"గన్ షాప్‌కా? పేషంట్‌తోనా? రేపు ఏదన్నా అయితే లయబిలిటీ నీ మీదకి వస్తుందే."

"మేనేజర్‌ని అడిగానండీ. నేను అక్కడ ఏమీ కొనను, నిలబడి చూస్తాను, అంతే."

"అయితే డ్రైవ్ చేస్తాను పద," అన్నారు. ఆయన భయం ఆయనది. లోపలికి వచ్చాక మాత్రం నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆయనే.

డానా నా సలహా విని తల అడ్డంగా ఊపింది. తేలిక తుపాకీయే గట్టిగా తన్నుతుందట. అదే తూటాకు బరువైన తుపాకీ తక్కువ వెనక్కి వస్తుంది. మరీ బరువైతే పొలంలో రోజంతా మోయలేరు. వాల్టర్ పాత తుపాకీ ట్వెల్వ్ గేజ్ పంప్, ప్రతి తూటానీ చేత్తో లాగి ఎక్కించాలి. గేజ్ అంటే గొట్టం వెడల్పు లెక్క, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. డానా ట్వంటీ గేజ్‌లో గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ చూపించింది. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత, తర్వాతి తూటా ఎక్కించే పనికి పోతుంది. దాంతో దెబ్బ ఒక్కసారిగా కాక సాగి తగులుతుంది. వాల్టర్ దాన్నే కొన్నారు. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఆమె మా థెరపిస్టుల్లాగే టేపు తీసి ఆయన్ని కొలిచింది. ట్రిగ్గర్ నుంచి చెక్క చివరిదాకా ఉండే పొడవు మనిషికి సరిపోకపోతే ఏ తుపాకైనా కొడుతుందని, అరంగుళం తగ్గించి, చివర రబ్బరు ప్యాడ్ బిగించింది. కుడికన్ను చూడటం నేర్చుకోవాలి కనుక కళ్ళద్దాల ఎడమ అద్దం మీద మసకగా ఉండే చిన్న టేపు ముక్క అంటించింది.

డానా, వాల్టర్ తుపాకీ ఇచ్చిపుచ్చుకున్న తీరు కూడా చెప్పాలి. ఇచ్చేవాళ్ళు తుపాకీలో తూటా ఉండే గది తెరిచి ఖాళీ అని చూపించేవారు, తీసుకునేవాళ్ళు మళ్ళీ చూసుకునేవారు. క్షణం కింద చూసిందే అయినా సరే, ప్రతిసారీ. గొట్టం ఒక్కసారి కూడా మనిషివైపు తిరగలేదు. ఆపరేషన్ థియేటర్‌లో తప్ప అంత శ్రద్ధ నేను ఎక్కడా చూడలేదు.

అక్టోబర్‌లో ఒకరోజు వాల్టర్ నన్ను క్లే టార్గెట్స్ రేంజ్‌కి పిలిచారు. అక్కడ గాల్లోకి మట్టి పళ్ళేలు విసురుతారు, కాల్చి పగలగొట్టాలి. చెవులకు శబ్దం ఆపే మఫ్స్ పెట్టించి, "దెబ్బ ఎలా ఉంటుందో తెలియకుండా నాకు ఎలా చెబుతారు మ్యామ్, ఒకటి కాల్చండి," అన్నారు. పంతానికి కాల్చాను. భయంతో వెనక్కి వాలి, తుపాకీ వదులుగా పట్టుకున్నాను. భుజం మీద ఎవరో గుద్దినట్టు తగిలింది.

"మీరు దాన్నుంచి పారిపోయారు మ్యామ్. అందుకే అది మిమ్మల్ని వెంటపడి కొట్టింది. ముందు చెంపకు తీసుకోండి, తర్వాత భుజం గుంటలోకి గట్టిగా లాక్కోండి. మధ్యలో సందు ఉండకూడదు. ఇప్పుడు ముందుకు వాలండి."

రెండోసారి అదే తుపాకీ, అదే తూటా. ఈసారి గుద్దినట్టు లేదు, తోసినట్టుంది. కాలర్‌బోన్‌కీ భుజం కీలుకీ మధ్యనున్న ఆ గుంట గురించి నేను పుస్తకాల్లో చదివాను, పరీక్షలు రాశాను. అది దేనికి పనికొస్తుందో ఆరోజు తెలిసింది.

ఆయన మాత్రం ఆరోజు ఇరవై ఐదింటికి ఆరే పగలగొట్టారు. ఎడమ భుజం మీద ఇరవైకి తక్కువ ఎప్పుడూ కొట్టని మనిషి. పక్క లైన్లలో ఆయన్ని ఎరిగినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆయన మొహంలో నామోషీ కనపడలేదు. బల్ల దగ్గర కూర్చుని తుపాకీ విప్పి, గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రాల్లోని మసి బ్రష్‌తో తీసి, గుడ్డతో పలచగా నూనె రాశారు. నూనె ఎక్కువైతే మసి మరింత పడుతుందని, మసి పేరుకుంటే తుపాకీ మధ్యలో ఆగిపోతుందని చెప్పారు. ఆరు కొట్టినరోజూ అంతే, తర్వాత పదిహేను కొట్టినరోజూ అంతే. ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజుకు వందసార్లు భుజానికి ఎత్తేవారు. నేను యాభై చాలన్నాను.

నవంబర్ మూడోవారం క్లినిక్‌కి వచ్చి ఆయన చెప్పిన సంగతి ఇది. దక్షిణాన స్నేహితుడి పొలంలో పెన్నీ పిట్టలున్నాయని చూపిస్తూ ఒక పొదవైపు కదలకుండా నిలబడింది. కౌజులు ఒక్కసారిగా లేచాయి. ఆయనకు తెలియకుండానే తుపాకీ ఎడమ భుజానికి వెళ్ళిపోయింది. రబ్బరు ప్యాడ్ కింద పేస్‌మేకర్ గట్టిగా తగిలింది. వేలు ట్రిగ్గర్ మీదికి ఇంకా పోలేదు. పిట్టలు వరసగా ఎదురుగానే ఉన్నాయి. ఆయన తుపాకీ దించేశారు.

"పెన్నీ వెనక్కి తిరిగి నావైపు చూసింది మ్యామ్. పన్నెండేళ్ళలో నేను కాల్చకపోవడం అది చూడలేదు."

తూటాలు తీసేసి, అక్కడే గడ్డిలో నిలబడి ఖాళీ తుపాకీని ఇరవైసార్లు కుడికి ఎత్తారట. స్నేహితుడు నవ్వినా ఆగలేదట. మధ్యాహ్నం పెన్నీ మళ్ళీ నిలబడింది. ఈసారి తుపాకీ కుడికే వెళ్ళింది. ఒక పిట్ట పడింది. పెన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇది చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకోలేదు గానీ, నేను తుడుచుకున్నాను.

సీజన్ ముగిశాక మార్చిలో ఒకసారి కనిపించారు. మొత్తం ఏడుసార్లు వెళ్ళారట. చివరి రెండుసార్లూ పెన్నీ ట్రక్కులోకి ఎగరలేకపోయిందని, కింద నిలబడి ఆయన వంక చూసిందని చెప్పారు.

"రెండు చేతులూ వేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టాను. ఎడమ చేయి మీరు పైకి లేపించకపోతే దాన్ని ఎత్తగలిగేవాణ్ణి కాదు మ్యామ్. తుపాకీకి పనికిరాదన్నారని ఆ చేతిని నేను వదిలేద్దామనుకున్నాను."

నిజానికి నేనూ ఆ చేతిని సగం వదిలేశాను. ఆగస్టు తర్వాత నా ధ్యాసంతా కుడి భుజం మీదే. ఎడమ చేతి ఎక్సర్‌సైజులు నేను అడగడం మానేసినా ఆయన ఇంట్లో చేస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను పేషంట్లను డిగ్రీల్లో కొలిచాను. ఈ చేత్తో ఏం చేయాలని ఉందో చెప్పమని కాదు, చేసి చూపించమని అడగాలని వాల్టర్ వల్ల తెలుసుకున్నాను. ఒకటి చూపించాక "ఇంకేం చేయాలి?" అని మళ్ళీ అడగడం కూడా. ఎందుకంటే ఆయన మొదటిరోజు తుపాకీ ఎత్తాలన్నారు. ముసలి కుక్కను ఎత్తాల్సి వస్తుందని అప్పటికి ఆయనకూ తెలియదు.