చెంబుల మీద పేరు

తన కర్మాంతరం నాడు చుట్టాలకు పంచాల్సిన చెంబుల మీద పెదనాన్న తన పేరు తానే చెక్కుకుంటున్నాడు.

నేను వెళ్ళేసరికి ఆయన పాత్రల అంగడిలో పేర్లు చెక్కే మెషిన్ గుయ్యిమంటోంది. చెక్కడం అయిన ఎవర్‌సిల్వర్ స్టీలు చెంబులు పక్కన బోర్లించి ఉన్నాయి. పేరు కింద తేదీకి చోటు వదిలాడు.

"ఏంది పెదనాయనా ఇది?"

"నేను పోయినాక ఇంగొకడు కొడితే అచ్చరాలు వంకర పోతాయిరా. ఊరందరికీ కొట్టినోణ్ణి, నాది నేను కొట్టుకోకూడదా?"

గల్లాపెట్టె దగ్గర పెద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

కొద్దిరోజుల కిందటే ఆయన రక్తంలో నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ ఉందని తేలింది. ఇప్పుడే మందు అక్కరలేదు, అప్పుడప్పుడు పరీక్షకు వస్తే చాలునని డాక్టరమ్మ చెప్పింది. మావాళ్ళలో డాక్టరు మందు రాయలేదంటే ఒకటే అర్థం: ఇంటికి తీసుకుపోయి, ఇష్టమైంది వండిపెట్టమని. బాహూరు నుంచి చుట్టాలు అప్పుడే వచ్చి చూసిపోయారు. చెన్నైకి పంపిన రెండో పరీక్ష ఫలితం వచ్చిందని ఫోన్ వచ్చినా ఆయన కదల్లేదు.

"మందు లేని ఆస్పత్రికి ఎందుకురా పోయేది?"

పరీక్షలు మానేస్తే నిద్రపోతున్న జబ్బు ఎప్పుడు లేచిందో తెలియకుండా పోతుంది. నా భయం అదే. చివరికి పెద్దమ్మ "నేనూ వస్తా, పద" అంటే బయల్దేరాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తమిళంలో ఓపికగా చెప్పింది. జబ్బుపడిన కణాల్లో ఒక క్రోమోజోము ముక్క ఊడిపోయింది. ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు కోసం ఆ ముక్కలో ఎంత వెతికినా చాలాకాలం ఏమీ తేలలేదట. చివరికి అక్కడ రెండు బుల్లి ఆర్‌ఎన్‌ఏలు బయటపడ్డాయి. అవి ఏ ప్రోటీనూ చేయవు. కణాన్ని చావనివ్వని ఒక ప్రోటీన్‌ను మితిమీరకుండా ఆపుతాయి. అవి లేకపోతే పోవాల్సిన కణాలు పోకుండా రక్తంలో పోగుపడతాయి. గుండె జబ్బుల్లోనూ ఇలాంటి ఆర్‌ఎన్‌ఏల కోసం వెతుకుతున్నారట. పేపర్లో ఇన్నేళ్ళు వైద్యవార్తలు రాసిన నేను వాటి మాట వినడం అదే మొదలు.

పెదనాన్న నా వైపు తిరిగాడు. "అంటే మీ పెద్దమ్మ మాదిరి. ఒక్క సామానూ అమ్మదు. చాలు, ఇంగ తేవద్దు అంటా కూచోనుంటాది. అది లేకుంటే అంగట్లో నిలబడను చోటుండదు."

"ఇప్పుడు కొట్టిపెట్టిన చెంబులు చాలవా?" అంది పెద్దమ్మ.

పోయిన ముక్కను మళ్ళీ పెట్టే మందు ఉందా అని ఆయన అడిగాడు. లేదంది డాక్టరమ్మ. ఉన్న మందులు ముందే వాడితే ఆయుష్షు పెరగదు, ఒళ్ళు మాత్రం గుల్లవుతుందంది.

"మరి జబ్బు ఎప్పుడు లేస్తుంది?"

"ఈ ముక్క ఒక్కటే పోయినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. కొందరికి తొందరగా లేస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో చెప్పలేను."

ఆ తర్వాత ఆస్పత్రి నుంచి పిలిచినప్పుడల్లా ఆయన పరీక్షకు వెళ్తున్నాడు. పెద్దమ్మ చెంబుల్ని పాత పేపర్లలో చుట్టి అటకెక్కించింది. మొన్నటి పరీక్షలో తెల్లకణాలు కాస్త పెరిగాయి. అది జబ్బు లేవడమో కాదో డాక్టరమ్మ ఇంకా తేల్చలేదు.