అమ్మగారు విన్న అరుపు

మంగళవారం పొద్దున మా డ్రమ్మర్ ఫోన్ చేసి, "అమ్మగారు పోయారంటక్కా" అన్నాడు. ఏ అమ్మగారని నేను అడగలేదు. వినుకొండ దగ్గర మా ఊళ్లో చర్చి పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ పిలుస్తారు. ఆ పిలుపు నా నోటి నుంచి మా బ్యాండ్ మొత్తానికీ అంటుకుంది. ఆ ఊరి దాన్ని నేను. డ్రమ్మర్‌ది గుంటూరు. అయినా కబురు ముందు అతనికే చేరింది. ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయాక, ఎవరికి చెప్పాలో తోచక అయ్యగారు ఆవిడ ఫోన్ తీసి, అందులో ఆఖరున ఉన్న నంబరుకే ముందు చేశారట. ముందురోజు సాయంత్రం ఆవిడ మా డ్రమ్మర్‌తోనే మాట్లాడారు. రెండు కాళ్లతో అంత వేగంగా డ్రమ్ము వాయిస్తుంటే చేతులు దారి తప్పవా అని అడగడానికి.

అరవై దాటిన పాస్టరమ్మగారికి మెటల్‌కోర్ బ్యాండ్ డ్రమ్మర్ కాళ్లతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఆవిడ తెలియని దాన్ని అలా వదిలేయలేరు. చర్చికి కొత్త హార్మోనియం వచ్చినప్పుడు ముందు పాట వాయించలేదు. పై చెక్క తీయించి, ఏ మెట్టు నొక్కితే లోపల ఏది కదులుతోందో చూశారు. కరెంటు లైన్‌మన్ స్తంభం ఎక్కితే అతను దిగేదాకా కింద నిలబడి, ఫ్యూజు ఎందుకు పోయిందో చెప్పించుకునేవారు. సండే స్కూల్లో మాకు పాటలు నేర్పింది ఆవిడే. ఎవరి గొంతైనా శ్రుతి తప్పితే కసురుకునేవారు కాదు. "ఏదీ, మళ్లీ అట్టానే పాడు" అని ఆ తప్పుని కూడా చెవి ఒగ్గి వినేవారు. ఎందుకండీ ఇవన్నీ అంటే, "తెలుసుకుంటే పోయేదేముందే" అనేవారు.

నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతూ బ్యాండ్‌లో చేరాను. బ్యాండ్ పేరు కల్లం. మేం వాయించేది మెటల్‌కోర్. వినని వాళ్ల కోసం చెప్పాలంటే, గిటార్లు బరువుగా, గరగరలాడుతూ మోగుతాయి. డ్రమ్ములు తరుముకొస్తాయి. ఆ పైన గాయకులు పాడరు, అరుస్తారు. ఉన్నట్టుండి అరుపు ఆగి మామూలు గొంతుతో ఒక పల్లవి వస్తుంది. ఆ తర్వాత అంతా నెమ్మదించి, ఒక్కో దెబ్బా నేల మీద బస్తా పడేసినట్టు పడుతుంది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటాం. అరిచేది నేను.

కాలేజీ ఫెస్ట్‌లో నా వీడియో ఒకటి ఎలాగో మా ఊరి ఫోన్లలోకి వచ్చింది. నల్ల టీషర్టు, ముఖం నిండా జుట్టు, మైకు నోటికి ఆనించి రంకె వేస్తున్న నేను. మా అమ్మ సగం చూసి ఫోన్ బోర్లా పెట్టేసిందట. సెలవులకి వెళ్లిన రోజే నన్ను చెయ్యి పట్టుకుని అమ్మగారింటికి లాక్కెళ్లింది.

"దీన్ని దయ్యం పట్టిందమ్మగారూ. మీరే ప్రార్థన చెయ్యాలి."

అమ్మగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చాలా చిన్న ప్రార్థన. ఆమేన్ అనగానే మా అమ్మని టీ పెట్టమని వంటింట్లోకి పంపి, కుర్చీ నా ముందుకు లాక్కున్నారు.

"అట్టా అరిస్తే గొంతు పోదంటే?"

"పోదండి. నేర్చుకునే చేస్తాం."

"ఎట్టా? ఏదీ, ఒక్కసారి చెయ్యి."

"ఇక్కడా అమ్మగారూ?"

"ఇక్కడ కాకపోతే ఇంకెక్కడే? చెయ్యి."

చేశాను. పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. వంటింట్లో గిన్నె కిందపడింది. చర్చిలోంచి అయ్యగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. అమ్మగారు మాత్రం నా గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ఇంకో చెయ్యి నా పొట్ట మీద పెట్టి, తల పక్కకి వంచి వింటున్నారు.

"ఏవండీ, ఇది గొంతులోంచి రావట్లేదండీ. ఎక్కడో కిందనుంచి వస్తంది" అన్నారు అయ్యగారితో, పెద్ద విశేషం చెబుతున్నట్టు.

"నాకు వినపడింది చాల్లే" అని ఆయన వెనక్కి వెళ్లిపోయారు. మా సంగీతంతో అయ్యగారి పరిచయం అక్కడితో ఆగింది.

మా అమ్మ టీ తెచ్చాక ఆవిడ తీర్పు చెప్పారు. "దయ్యం లేదు, ఏం లేదమ్మా. సాధన చేసింది పిల్ల. ఎందుకు అరుస్తందో మాత్రం నాకింకా తెలవలేదు."

ఆ మాట నాతో పాటు గుంటూరు వచ్చింది. ఆ ఏడాదే మేం ఆల్బమ్ మొదలుపెట్టాం. స్టూడియోకి వెళ్లే స్తోమత లేక గిటారిస్టు వాళ్ల మేడ మీద గదిని సిద్ధం చేసుకున్నాం. నాలుగు గోడలకీ పాత పత్తి పరుపులు నిలబెట్టి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాం. ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడుతుందని ఆపేసేవాళ్లం. గుంటూరు వేసవిలో ఆ గది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందు డ్రమ్ములు రికార్డు చేశాం. వాటి మీద గిటార్లు, బేస్. అన్నీ బాగా వచ్చాయి. నా గొంతు దగ్గరే పని ఆగిపోయింది. అరుపులో తప్పు లేదు. తాళం తప్పలేదు. కానీ విన్నాక నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్లం. పాటలన్నీ అప్పుడు ఇంగ్లీషులో ఉండేవి.

ఆ రోజుల్లోనే అమ్మగారు కళ్లు చూపించుకోవడానికి గుంటూరు వచ్చి, పప్పుచెక్కల డబ్బాతో మా మేడ ఎక్కారు. గదిలోకి రాగానే చప్పట్లు కొట్టి చూశారు. "పరుపులు చప్పుడంతా తాగేస్తన్నయ్యే!" అని ప్రతి గోడ దగ్గరికీ వెళ్లి మళ్లీ కొట్టారు. మా డ్రమ్మర్‌ని పెడల్స్ తొక్కించి, వంగి అతని మడమలు చూశారు. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా పాట మొత్తం విన్నారు.

"ఇంతకీ ఏమంటున్నావే?"

తెలుగులో చెప్పాను. చీకటి నన్ను మింగేస్తోంది, గోడలు కూలిపోతున్నాయి, ఇలా ఏవో.

"ఎవరి చీకటి?"

ఆవిడ ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అందుకే ఇబ్బంది పడ్డాను.

"సరే, ఇది చెప్పు. నీకు నిజంగా అరవాలనిపించింది ఎప్పుడు?"

అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నోటికి వచ్చింది. నా చిన్నప్పుడు మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. మా ఊళ్లో ఆడవాళ్లలో చాలామందిది అదే పని. సాయంత్రానికి చేతులు నిప్పులు పోసినట్టు మండేవి. ఒకసారి నాకు జ్వరం వచ్చింది. అమ్మ రాగానే తన చెయ్యి లాక్కుని నా ముఖం మీద పెట్టుకోబోయాను. అమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి దాచేసుకుంది. "వద్దే, మండుద్ది, ముట్టుకోమాకు" అని దూరంగా జరిగి, నన్ను చూస్తూ కూర్చుంది. నేను ఆ రోజు ఏడవలేదు. అరవాలనిపించింది.

అమ్మగారు హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని అడిగారు: "మరి అది పెట్టలేదేం ఇందులో?"

గిటారిస్టే ముందు తేరుకున్నాడు. "తెలుగులో అయితే నవ్వుతారండి."

"ఎందుకు నవ్వుతారు?"

"జనాలకి అలవాటు లేదు కదండి."

"మీరు చేసేదంతా అలవాటు లేనిదే గదయ్యా. ఇదొక్కటీ ఏం పాపం చేసింది?"

ఆ పాటకి 'చేతులు' అని పేరు పెట్టాం. చరణాలన్నీ అరుపే. పల్లవి మాత్రం మామూలు గొంతుతో: చేతులు దాచకమ్మా, మంటతోనే ముట్టుకో. రికార్డు చేసేటప్పుడు పల్లవిలో నా గొంతు జీరపోయింది. మళ్లీ పాడదాం అన్నాడు గిటారిస్టు. వద్దు, ఉండనివ్వు అన్నాడు డ్రమ్మర్. వాళ్లిద్దరికీ దాని మీద పెద్ద గొడవే అయింది. చివరికి ఉంచేశాం. తర్వాత మిగతా పాటలు కూడా తిరగరాశాం. మా బేసిస్టుది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల పక్కన పెరిగినవాడు. ఇంట్లో బట్టలు కూడా తెల్లటి దుమ్ములోనే ఆరేవని ఒక పాట రాశాడు. అన్నీ కుదిరాయని చెప్పను. గిటారిస్టు రాసినది ఒకటి ఇప్పటికీ నాకు నచ్చదు. ఒక్క చోటైనా మీ గొంతు కలపండి అని అమ్మగారిని అడిగితే, "పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను విననియ్యండి" అన్నారు.

ఆల్బమ్‌కి 'ఘాటు' అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో వదిలాం. ఎక్కడో దూరాన ఉన్న మెటల్ అభిమానులు కొందరు భాష తెలియకపోయినా బాగుందని రాశారు. మనవాళ్లు కొందరు మిరపకాయ మెటల్ అని వెక్కిరించారు. రెండూ తట్టుకోగలిగాం. మా ఊరి సంగతి వేరు. మా అమ్మ స్త్రీల కూడికలో ముందు నిలబడి పాటలు ఎత్తుకునేది. వారమంతా కూలికి పోయే మనిషికి అదొక్కటే తనది. సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి, "ముందు కూతురి చేత అది మాన్పించు. ఆనక నువ్వు పాడొచ్చు" అన్నాడు. అమ్మ ఆ మాట నాకు ఫోన్‌లో చెప్పలేదు. అమ్మగారు చెప్పారు. "శనివారం కూడికకి రా. స్పీకరు కూడా తీసుకురా" అన్నారు.

ఆ మధ్యాహ్నం చర్చిలో చాపల మీద ఆడవాళ్లంతా కూర్చున్నారు. సంఘ పెద్ద గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మగారు లేచి, ముందు 'చేతులు' పాటలో మాటలు నెమ్మదిగా చదివి వినిపించారు. నవ్వుకుంటున్నవాళ్లు ఆగారు. మా అమ్మ తల దించుకుంది. తర్వాత పాట పెట్టారు.

మొదటి అరుపుకే ఒకావిడ చెవులు మూసుకుంది. ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు. పల్లవి వచ్చేసరికి నవ్వు తగ్గింది. బ్రేక్‌డౌన్‌లో కిటికీ రెక్కలు అదురుతుంటే ముందు వరసలో ఒక ముసలావిడ ఒక్కో దెబ్బకీ ఒక్కోసారి తల ఊపింది. పాట అయిపోయింది.

"తలనొప్పి వచ్చింది" అంది చెవులు మూసుకున్నావిడ.

"రాదా మరి? మనకి పొద్దుగూకులూ ఉండేదేగా" అంది ముసలావిడ. "ఇంకోసారి పెట్టమ్మగారూ."

సంఘ పెద్ద గుమ్మం దిగి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నేను ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు. కానీ ఆ రోజు కూడిక చివర అమ్మగారు, "ఏమ్మా, పాట ఎత్తుకో" అని మా అమ్మనే చూశారు. అమ్మ లేచి నిలబడి పాడింది. ఇంటికి నడిచి వస్తుంటే అడిగింది, "నీకు అది గుర్తుందంటే?" గుర్తుందన్నాను. నా బుగ్గ మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

తర్వాత అమ్మగారికి మా మీద ఆసక్తి తగ్గుతుందనుకున్నాం. పెరిగింది. గిటారు తీగలు ఎందుకు వదులు చేసుకుంటారని గిటారిస్టుని అడిగేవారు. ఆఖరిసారి నాతో మాట్లాడినప్పుడు, "రెండో ఆల్బమ్ దేని గురించే?" అన్నారు. ఇంకా తెలియదండి అన్నాను. "మంచిది. తెలియకుండానే మొదలుపెట్టు" అన్నారు, ఎంతో సంతోషంగా.

సమాధుల తోటకి పెట్టె మోసినవాళ్లలో మా ముగ్గురు మగపిల్లలూ ఉన్నారు. పొడవాటి జుట్టు వెనక్కి కట్టుకుని, తెల్ల చొక్కాలు అరువు తెచ్చుకుని వచ్చారు. మట్టి వేశాక అందరం పాస్టరుగారి ఇంటికి చేరాం. అయ్యగారు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నన్ను దగ్గరికి పిలిచారు.

"ఆవిడ వినేదేదో నాకూ పెట్టమ్మా. ఏం ఉందో అందులో, ఒకసారి చూద్దాం."

"చాలా గట్టిగా ఉంటదండి."

"పెట్టు."

హెడ్‌ఫోన్స్ ఆయన నెరిసిన తల మీద సర్ది, 'చేతులు' పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడే పలకరించడానికి పక్క ఊరి సంఘం వాళ్లు ఆటోలో దిగారు. "వందనాలండి అయ్యగారూ" అన్నారు. ఆయనకి వినపడలేదు. మళ్లీ అన్నారు. మా అమ్మ వాళ్ల వైపు చూసి, ఆగమని చెయ్యి చూపించింది. వాళ్లు చెప్పులు విడిచి, గేటు దగ్గరే ఎండలో వరసగా నిలబడ్డారు, ఆయన వింటున్నది అయ్యేదాకా.