చిలకల్ని తోలిన వైపు

హనుమాన్ జంక్షన్ దగ్గర మెట్టచేలో ఆ ఏడు మేం జొన్న వేశాం. కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలు గుంపులుగా దిగాయి. నాన్న చేపల వల తెచ్చి చేను మూల కట్టాడు. పడ్డవాటిని మెడలు విరిచి గట్టు మీద పారేశాడు.

పక్కచేను ఆయనకీ మాకూ గట్టు తగాదా ఉంది. ఆయనే పోయి ఫారెస్టు వాళ్లకు చెప్పాడు. మర్నాడు గార్డు వచ్చి వల పీకించాడు.

"కొత్త చట్టం వచ్చిందండీ. చిలకల్ని చంపితే కేసే."

"మరి పంట పోతే?" అన్నాడు నాన్న.

"డబ్బా కొట్టుకోండి, ఒడిసెల తిప్పుకోండి. తోలడం తప్పు కాదు. కాకుల్ని చంపినా అడగం. వీటి జోలికి మాత్రం పోకండి."

నాన్నను రేంజి ఆఫీసుకు తీసుకుపోయి సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టారు. ఇక చంపనని రాయించుకుని వదిలారు. నాన్న మా చర్చిలో సంఘ పెద్ద. ఆ ఆదివారం ముందు బెంచీ వదిలేసి తలుపు పక్కన కూర్చున్నాడు. అదే చర్చికి వచ్చే పక్కచేను ఆయన గొంతెత్తి పాట పాడాడు. ఆ గొంతు వింటూ నేను ప్రార్థన చేయలేకపోయాను. తోలడం తప్పు కాదన్న గార్డు మాటే తలచుకున్నాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మా మంచె ఎప్పుడూ ఉమ్మడి గట్టు పక్కనే ఉండేది. అక్కణ్ణుంచి కేకేస్తే రెండు చేలకీ కాపలా అయ్యేది గనుక పక్కచేను ఆయన వేరే మనిషిని పెట్టుకునేవాడు కాదు. సోమవారం నేనూ అమ్మా ఆ మంచె విప్పి, మా చేను పడమటి చివర కట్టాం. చిలకలు దిగగానే డబ్బా కొట్టి, ఒడిసెలతో మట్టిబెడ్డలు విసిరేదాన్ని. గుంపంతా లేచి తూర్పుగా పోయి ఆయన చేలో వాలేది. అవి అక్కడ వాలగానే డబ్బా ఆపేసేదాన్ని. అవి తింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఐదో రోజు ఆయన గట్టు దాకా వచ్చాడు.

"ఏమ్మా, మంచె అటు మార్చారేంటి? మా చేనంతా తినేస్తున్నాయి."

"తోలుకోవచ్చని గార్డు గారే చెప్పారు బాబాయ్."

"ఇటు కూడా రెండు కేకలెయ్యమ్మా."

"ఫారెస్టు వాళ్లకు చెప్పండి. దారి మీకు తెలిసిందేగా."

ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరు కూలీలను కాపలా పెట్టాడు గానీ, అప్పటికే చాలా కంకులు బోసిపోయాయి.

సంగతి తెలిసి నాన్న నన్ను పిలిచాడు. "నా అవమానం పేరు చెప్పి ఈ పని చేయకు," అన్నాడు. మర్నాడు తనే మంచె విప్పి మళ్లీ ఉమ్మడి గట్టు దగ్గరకు మోసుకుపోయాడు. నేను సాయం పట్టలేదు. పక్కచేలో కాపలా కాయడానికి ఇక పెద్దగా ఏమీ మిగల్లేదని నాకు తెలుసు.