చెక్క మీద రాజలింగం బావ

ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు మా లెక్కల సారు ఏమీ బాధపడలేదు. మిగతా పిల్లలైనా బాగుపడతారని ఊపిరి పీల్చుకున్నాడు. అలాంటి నన్ను 2021లో సూరత్‌లో మా గల్లీవాళ్లు ఆర్టిస్టు అని పిలిచారంటే, కరోనా మనుషుల్ని ఎంత దిక్కులేకుండా చేసిందో మీరే ఆలోచించండి.

పద్నాలుగేళ్లుగా నాది సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో, ఒక చీరల మిల్లులో ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్ పని. కాగితం మీద ముందే అచ్చయిన పూలూ తీగలూ వేడి డ్రమ్ము దగ్గర చీర గుడ్డకు ఎక్కుతాయి. రెండూ కలిసి బయటికి రాగానే కాగితాన్ని వేడి మీదే ఒక్క గుంజు గుంజాలి. ఆ గుంజుడులో నన్ను మించినవాడు లేడని నాకో గర్వం. సెకండ్ వేవ్‌లో ఆర్డర్లు లేక మా డిపార్ట్‌మెంట్ మూతపడింది. ఊరికే కూర్చోలేక, ఫోన్లో వీడియో చూసి, ప్యాకింగ్ పెట్టెల చెక్కల మీద దేవుడి బొమ్మలు దించడం మొదలుపెట్టాను.

ఇంట్లో దీనికి యంత్రం అక్కర్లేదు. లేజర్ ప్రింట్ కావాలి. అందులో రంగు పొడిలా కాగితం పైపైనే అంటుకుని ఉంటుంది. నున్నగా రుద్దిన చెక్కకు తెల్ల జిగురు పూసి, బొమ్మను బోర్లా అతికించి, ఒక రోజంతా ఆరనివ్వాలి. తర్వాత కాగితాన్ని తడిపి వేలికొనతో మెల్లగా రుద్దితే అది నలుసులై రాలిపోతుంది, రంగు చెక్క మీద నిలుస్తుంది.

మా పక్క గదిలో నర్సవ్వక్క ఉండేది. ఆమె భర్త రాజలింగం బావ లూముల్లో మేస్త్రీ. తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయనతోనే పోయింది. అక్కకు మిగిలింది, ఎప్పుడో జిరాక్స్ షాపులో తీయించిన ఆయన ఫోటో రంగుల ప్రింట్ ఒక్కటే. దిండు కింద పెట్టుకుని పెట్టుకుని అది మడతలు పడింది.

"తమ్మీ, దీన్ని జర చెక్క మీదికి ఎక్కియ్యి. గిట్లనే ఉంటే చినిగిపోతది."

"ఫ్రేము కట్టియ్యరాదక్కా?"

"అద్దం బిగిచ్చి గోడకు పెడితే పోయినోళ్ల ఫోటో లెక్క ఉంటది. నాకొద్దు."

"కుడి ఎడమలు తారుమారైతయి మరి."

"మనిషి మంచిగ ఇంటికొస్తే చాలు. కుడేదో ఎడమేదో నేను చెప్త తియ్యి."

జిగురు పెట్టి ఆరేశాను. మర్నాడు అక్క వచ్చి గడప దగ్గర నిలబడింది. తడపాలని నాకు తెలుసు. కానీ చూసేవాళ్లుంటే నా చేతికి మిల్లు గుర్తొస్తుంది. "చూడక్కా, బావ ఎట్ల బయటికొస్తడో!" అంటూ ఒక మూల పట్టుకుని గుంజాను.

మూలతో పాటు బావ చెవి కూడా కాగితానికే అంటుకుని వచ్చేసింది.

అక్క గడప మీదే కూలబడింది. "ఏం జేసినవ్‌రా? ఆయనకేమన్నా అయితే?"

ఆమె మనసులో ఆ కాగితం పోవడమంటే మనిషి పోవడమే.

"తప్పు నాదేనక్కా. ముఖం ఇంకా కాగితం కిందనే ఉన్నది. నీళ్లు తే."

తడిగుడ్డ పరిచి నానబెట్టి, రుద్దడం మొదలుపెట్టాను. ముందు నుదురు, తర్వాత ఒక కన్ను, ఇంకో కన్ను. అక్క నా భుజం మీంచి వంగి, "మీసం కాడ పైలంరా, పైలం" అంటూనే ఉంది. రెండు గంటలకు మీసంతో సహా బావ నవ్వుతూ బయటపడ్డాడు, ఆ ఒక్క చెవి తప్ప. అక్క చెక్కను కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

ఆ రోజు నుంచి, ఒకే ఒక్క కాపీ ఉన్న ఫోటో ఎవరు తెచ్చినా, ఇంకో ప్రింట్ తీయించకుండా జిగురు డబ్బా మూత తీయను. పద్నాలుగేళ్ల చెయ్యి కూడా కొత్త పనిలో కొత్త చెయ్యేనని నాకు నేర్పింది ఆ చెవే.

ఐదో రోజు బావే నాకు ఫోన్ చేశాడు, ఆక్సిజన్ తీసేశారని. మరో వారానికి రిక్షా దిగి తన కాళ్ల మీద నడిచొచ్చాడు. అక్క ఇచ్చిన చెక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తన చెవులు రెండూ తడుముకుని నా వైపు తిరిగాడు.

"ఇరవై దినాలు పెట్టుకోని దవఖానోళ్లు నన్ను మొత్తం వాపసిచ్చిండ్రు. నువ్వు ఒక్కదినం పెట్టుకోని చెవి తెంపితివి గదరా బామ్మర్దీ!"