అరటితోటలో ఏనుగు అడుగులు

మొన్నటి గాలివానకు ఇందుకూరుపేటలో మా అరటితోట పడిపోయింది. విరిగిన బోదెల పచ్చివాసన తగలగానే పలమనేరు దగ్గర మా మేనమామ తోట గుర్తుకొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. సెలవులకు మామ ఊరికి పోయినాను. ఒకరోజు తెల్లారి చూస్తే, అడవిలోంచి వచ్చిన ఏనుగులు గెలలేసిన చెట్లు సగం తొక్కేసి పోయినాయి. తడిమట్టిలో పళ్లెమంత అడుగులు! సంబరంగా ఒక అడుగులో రెండు కాళ్లూ పెట్టి నిలబడినాను.

"మామా, మళ్లీ ఎప్పుడొస్తాయి?"

మామ గట్టు మీద కూలబడి ఉన్నాడు. "వస్తాయిలే పాపా. దారి తెలిసిపోయింది కదా," అన్నాడు.

"ఈసారి వస్తే నన్ను లేపు. నేను చూడాల."

అత్త ముఖం పక్కకు తిప్పుకుంది. చెంగుతో తుడుచుకుంటే చెమట అనుకున్నాను.

ఏనుగులు మళ్లీ రావాలని ఆ సాయంత్రం దేవుడికి మొక్కుకున్నాను. మూడోనాటికి వచ్చినాయి. డప్పులు కొట్టినా, టపాసులు కాల్చినా ఆగలేదంట. మిగిలిన చెట్లూ పోయినాయి.

తెల్లారినాక, నన్ను లేపలేదని అలిగి అన్నం ముట్టలేదు.

"తప్పయిపోయింది తల్లీ, ఒక్క ముద్ద తిను," అని మామే బతిమాలి తినిపించినాడు.

ఆ పొద్దు అన్నం కలపడానికి ఆయనకు చెయ్యి ఎట్లా ఆడిందో!