కండలో చిట్టెలుక

దెబ్బ తగిలిన చోటికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పనిదే మాటల డాక్టరు రోగి మీద చెయ్యి వెయ్యడు. ఎముకల వైద్యం ఆయన వృత్తి. మాటల పుట్టుక ఆయన పిచ్చి.

ఆ పిచ్చిని, ఒకే గదిని రెండు ఆస్పత్రులు చేసిన అడ్డుగోడకు ఇవతల కూర్చుని భరించవలసిన మహానుభావుడు మాత్రల డాక్టరు. జ్వరాలకూ దగ్గులకూ ఆయన పెట్టింది పేరు, రోగులు వస్తే. అవతల జనం. ఆ జనం చోటు చాలక ఈయన బెంచీల మీదే కూర్చునేవారు.

"ఏమిటమ్మా, జ్వరమా?" అని ఆశగా అడిగేవాడు.

"లేదు బాబూ, ఆయన కోసం. కాస్త ఫ్యాను పెంచుతారా?"

పెంచేవాడు. పళ్ళు కొరుకుతూ.

ఒకనాడు మెట్ల మీద చతికిలబడ్డ ఒక పెద్దావిడ మూలుగుతూ అవతలికి వెళ్ళింది. "వెన్ను చివరి ఎముకను కాక్సిక్స్ అంటామమ్మా. గ్రీకులో కోకిల. దాని ముక్కులా వంగి ఉంటుందిగా!" అన్న గొంతు గోడ దాటి వినిపించింది.

"ఈ వయసులో నాకు కోకిలేమిటి నాయనా!" అంటూ ఆవిడ మురిసిపోయింది.

ఆ సాయంత్రం మాత్రల డాక్టరు భార్య దగ్గర భగ్గుమన్నాడు. "అది వైద్యమా, నిఘంటువా?"

"నా మడమ నొప్పి ఆయనేగా తగ్గించారు. ఎంత బాగా చెబుతారండీ!"

"నువ్వు కూడానా!"

మర్నాడే ఆయన లావుపాటి వైద్య నిఘంటువు కొని, రహస్యంగా బట్టీ పట్టసాగాడు. అదీ చాలక, పైకప్పుకు అందని ఆ చెక్క గోడ మీదుగా, స్టూలెక్కి శత్రువు పాఠాలు వినసాగాడు. అవతలాయన ఒక తాపీమేస్త్రీకి కండరం కథ చెబుతుండగా మరికాస్త ముందుకు వంగాడు. స్టూలు వెనక్కి పోయింది. భుజం గూడు తప్పింది.

చుట్టూ ఎందరు వైద్యులున్నా, ఆ భుజాన్ని గూట్లో పెట్టగలిగినవాడు ఒక్కడే.

"ముట్టుకోకండి!" అని మాత్రల డాక్టరు అరిచాడు. కండలు రాయిలా బిగుసుకున్నాయి.

మాటల డాక్టరు మెల్లగా మోచెయ్యి పట్టుకున్నాడు. "కండరాన్ని మజిల్ అంటాం కదండీ. లాటిన్‌లో పిల్లి అని అర్థం."

"పిల్లా?"

"పిల్లే. పిల్లిలా మెత్తగా ఉంటుందని."

"ఎవరండీ మీకు చెప్పింది? ఎలుక! మస్ అంటే ఎలుక, మస్క్యులస్ అంటే చిట్టెలుక! కండ బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టుంటుందని..."

టక్కుమంది. భుజం గూట్లోకి చేరింది.

మాత్రల డాక్టరు నోరు తెరిచాడు. "ఇందాక మేస్త్రీకి ఎలుకనే చెప్పారుగా?"

"ఆయనకు తెలియదు, కథ చాలింది. మీకు తెలుసు. తెలిసినవాళ్ళు ఎదుటివాడి తప్పు దిద్దేటప్పుడు తప్ప ఒళ్ళు మరిచి కండ వదలరు."

అంతటితో ఊరుకోక బయటికెళ్ళి, "మాటల పుట్టుకలో నన్నే దిద్దారు మన మాత్రల డాక్టరుగారు!" అని బెంచీలన్నిటికీ చాటాడు. అందులో అబద్ధం లేదు. అందుకే మాత్రల డాక్టరు మరింత కుళ్ళుకున్నాడు. ఇంత తెలివైన ఉపాయం తనకెందుకు తట్టలేదు?

మర్నాడు దగ్గుకుంటూ ఒకాయన ఇవతలికే వచ్చాడు. "ఇన్‌ఫ్లుయెంజా అంటే ఏమిటండీ? అవతలి డాక్టరుగారు మిమ్మల్నే అడగమన్నారు."

మాత్రల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇటలీవాళ్ళ మాట. నక్షత్రాల ప్రభావం వల్ల వస్తుందని పూర్వం..."

పైన చెక్క కిర్రుమంది. గోడ మీదుగా మాటల డాక్టరు బట్టతల, ఒక చెవి.

"దిగండి మహాప్రభో! మీరు పడితే నా దగ్గర మాత్రలే ఉన్నాయి!"