బాలనర్సయ్య అందజేసిన ఉత్తరం

మదీనాగూడలో ఎవరు పలకరించినా బాలనర్సయ్య మొదట చెప్పే మాట ఒకటే. ముప్పై ఒక్క సంవత్సరాల నౌకరీలో ఆయన చేతికిచ్చిన కాగితం ఒక్కటీ అందకుండా తిరిగి రాలేదు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, మూడు సర్కారు ఆఫీసుల్లో తపాలా మోసి, రెండు ప్రశంసాపత్రాలు అందుకున్న మనిషి. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇరవై ఏళ్ళ కింద నగరంలో అంతర్జాతీయ క్రీడలు జరిగినప్పుడు నలభై దేశాల జట్లకు నిర్వాహక సంఘం ఉత్తరాలు అందజేసింది ఆయనే. భార్య కనకలక్ష్మి "మస్తు విన్నం, ఇగ బువ్వ తిను" అనేదాకా ఆ ఏకరువు ఆగదు.

మనుమరాలు రసజ్ఞ మాదాపూర్‌లో పాత దస్త్రాలను కంప్యూటర్లోకి ఎక్కించే కంపెనీలో పనిచేస్తుంది. ఆ క్రీడల కాగితాలు అక్కడికే వచ్చాయి. వాటితో ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఒక సాయంత్రం ఆమె ఇంట్లోకి వస్తూనే అంది.

"తాతా, నీ చేతిల ఒక ఉత్తరం మిస్సయిందట."

సంగతి ఇది. ఆరంభ కవాతులో పొరుగు దేశం పక్కన నడవబోమని ఒక ఎడారి దేశం జట్టు పట్టుబట్టింది. వరుస మారుస్తామని సంఘం జవాబు రాసింది. అయినా ఆ జట్టు కవాతుకు రాలేదు. జవాబే అందలేదని వాళ్ళ రాయబారి ఫిర్యాదు చేస్తే, సంఘం క్షమాపణ చెప్పుకుంది. ఇప్పుడు ప్రదర్శనలో ఆ ఉత్తరం కింద 'అందజేయబడలేదు' అని రాయబోతున్నారు.

"ఎందుకియ్యలే? హోటల్ల ఇచ్చిన. ప్యూన్ బుక్కుల దస్కత్ గూడ తీస్కున్న."

"ఆ బుక్కు చూసినం తాతా. నీ ఉత్తరం ఎదురుంగ దస్కత్ లేదు. కొట్టేసిన గీతలున్నయ్."

"అట్లనా. నన్ను రేపు తోల్కపో."

ఆ రాత్రి ఆయన బువ్వ సగమే తిన్నాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మనుమరాలి స్కూటీ వెనక కూర్చున్నాడు.

ఆఫీసులో ప్రశాంత్ అనే మేనేజరు కుర్చీ వేసి, తెరమీద ఆ పుట చూపించాడు. "ఇదేనండి. సంతకం చేయబోయి కొట్టేసినట్టుంది."

బాలనర్సయ్య అద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగాడు. కాసేపటికి కుడివైపు నుంచి ఎడమకు వేలు జరిపాడు.

"ఎవలు గొట్టేసిన్రయ్యా. దక్తూర్ యూసుఫ్ అని రాసిండు. ఈయన జట్టు డాక్టరు. చేతిల పట్టీల కట్ట వట్టుకొని తలుపు దీసిండు."

"మీకిది చదవడం వచ్చా అండి?"

"మా బడిల ఉర్దూ గూడ చెప్పేటోళ్ళు. అరబ్బీకి గూడ అక్షరాలు అవే గద."

ప్రశాంత్ వెంటనే ఆ జట్టు సభ్యుల జాబితా తెరిచాడు. తొమ్మిదో పేరు డాక్టర్ యూసుఫ్. రసజ్ఞ తాత భుజం మీద చెయ్యి వేసింది.

"మరి వాళ్ళు అందలేదని ఎందుకన్నారండి?" ప్రశాంత్ అడిగాడు.

"ఆయన జేబుల వెట్టుకొని మర్సిండో, జట్టు పెద్దకు ఇయ్యబుద్ధి గాలేదో. గది నా నౌకరి గాదు. తలుపుకాడ ఇచ్చుడే నా నౌకరి."

ప్రశాంత్ నవ్వి, 'అందజేయబడలేదు' అన్నది చెరిపి, 'అదే రోజు జట్టు వైద్యునికి అందజేసినవారు: కె. బాలనర్సయ్య' అని అక్కడే టైపు చేశాడు. బాలనర్సయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తన ఇంటిపేరు కూడా పూర్తిగా వేయమన్నాడు.

"సార్, ఇలా కొట్టివేతలని రాసుకున్నవి ఇంకో పదకొండు ఉన్నాయండి. చూస్తారా?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాయ్ చల్లారేలోపు ఏడు పేర్లు చెప్పాడు. ఎనిమిదోది ఇంకేదో దేశపు లిపి, చిన్న చిన్న గడుల్లా ఉంది. చాలాసేపు చూసి అద్దాలు తీశాడు.

"ఇది నాకు రాదు బిడ్డా. తెల్వదని రాసుకోన్రి. కొట్టేసిన్రని మాత్రం రాయకున్రి."